దెబ్బ తప్పించుకోవడం, గొడవ తప్పించుకోవడం: ఐకిడోలో అతెమి ఎందుకు?

తెల్లబెల్ట్

అందరికీ నమస్కారం. ఐకిడో అనే ఈ జపాన్ యుద్ధ విద్య మొదలుపెట్టి ఏడాదిన్నర అయింది. ఒక సందేహం చాలా రోజులుగా మనసులో తిరుగుతోంది. ఇక్కడ అనుభవం ఉన్నవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను.

మా డోజోలో, అంటే శిక్షణశాలలో, ఇద్దరు సెన్సెయ్‌లు నేర్పుతారు. ఒకాయన ఏ టెక్నిక్ చూపించినా ముందు ఉకే (దాడి చేసి టెక్నిక్ అందుకునే జోడీ) ముఖం మీదికి పిడికిలో, అరచేతి అంచో పంపిస్తారు, అదే అతెమి. అది లేకుండా చేస్తే ఆపేసి మళ్ళీ చేయిస్తారు. రెండో ఆయన క్లాసులో అది అసలు కనిపించదు. అడిగితే "మనం కొట్టడం నేర్చుకోవడానికి రాలేదు కదా" అన్నారు. నాకు ఇద్దరి మీదా గౌరవమే. అందుకే ఎవరి మాట పట్టుకోవాలో తెలియడం లేదు.

పోయిన వారం బాక్సింగ్ చేసిన ఒకతను కొత్తగా చేరాడు. ఫ్రీ ప్రాక్టీస్‌లో నా మీదికి ఒక జాబ్ (ముందు చేత్తో వేసే సూటి గుద్దు) వేశాడు, మెల్లగానే. నేను కదల్లేదు. కదల్లేకపోయాను. ముక్కుకు తగిలి ఆగింది. అతను వెంటనే సారీ చెప్పాడు, దెబ్బ కూడా పెద్దది కాదు. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తల మీదికి దిగే షోమెన్ ఉచి దెబ్బను కొన్ని వందల సార్లు తప్పించుకుని ఉంటాను. మరి అప్పుడు ఒళ్ళెందుకు బిగుసుకుపోయింది?

గొడవ లేకుండా చేసుకోవడమే ఐకిడో అయితే కొట్టడం ఎందుకు నేర్చుకోవాలి? కొట్టడం కూడా అందులో భాగమే అయితే, మామూలు గుద్దు ఒకటి వస్తే నాకు ఏమీ ఎందుకు రాలేదు?

పాత_హకామా

తెల్లబెల్ట్ గారూ, మంచి ప్రశ్న అడిగారు. బిగుసుకుపోయానని దాచుకోకుండా చెప్పారు, అది ఇంకా మంచిది. నేను ఇరవై ఏళ్ళకు పైగా చేస్తున్నాను. మొదటి ఐదారేళ్ళు మీ రెండో సెన్సెయ్‌లాగే ఆలోచించాను.

ముందు ఆ పదం సంగతి చూద్దాం. అతెమి అంటే ఒంటికి తగిలే దెబ్బ, అంతే. కానీ ఐకిడోలో దాని పని ఎదుటివాణ్ణి పడగొట్టడం కాదు. ముఖం మీదికి ఏదైనా వేగంగా వస్తే మనిషి ఏం చేస్తాడో గమనించండి. కళ్ళు మూసుకుంటాయి. తల వెనక్కి పోతుంది. తల వెనక్కి పోతే వెన్ను వంగి బరువు మడమల మీద పడుతుంది. ఇదంతా అతను ఆలోచించి చేసేది కాదు, ఒళ్ళే చేసేస్తుంది. ఆ క్షణంలో అతని పట్టులో జీవం పోతుంది. మన టెక్నిక్‌కు అదే అదును. చెయ్యి తగలాల్సిన పని కూడా లేదు. తగులుతుందని అతని ఒంటికి అనిపిస్తే చాలు.

ఒక పరీక్ష చెబుతాను, వచ్చే క్లాసులో చేసి చూడండి. మీ మణికట్టు పట్టుకోమని ఉకేకు చెప్పండి. మీరు షిహోనాగే (ఆ చేతిని మడిచి వెనక్కి పడేసే టెక్నిక్) మొదలుపెట్టండి. అతని రెండో చెయ్యి ఖాళీగా ఉంటుంది కదా, ఎక్కడ వీలైతే అక్కడ దానితో మీ పక్కటెముకల మీదో చెంప మీదో మెల్లగా తట్టమనండి. ఎన్నిసార్లు తగిలిందో లెక్క పెట్టుకోండి. నేను మొదటిసారి చేసినప్పుడు ప్రతిసారీ తగిలింది. తర్వాత అదే టెక్నిక్‌ను ముఖం మీదికి ఒక చెయ్యి పంపి మొదలుపెట్టండి. అతని ఖాళీ చెయ్యి తన ముఖం కాచుకోవడానికి లేస్తుంది. ఇక మీ పక్కటెముకల జోలికి రాదు. ఎవరినీ కొట్టింది లేదు, మీకు దెబ్బ తగిలిందీ లేదు.

అతెమి వదిలేసినా కూడా నడిచే మార్గం ఒకటుంది. మీరు నిలబడిన చోటు, కోణం ఎంత సరిగ్గా ఉండాలంటే ఆ ఖాళీ చెయ్యి మిమ్మల్ని అందుకోకూడదు. మీ రెండో సెన్సెయ్ బహుశా అలా చేస్తున్నారేమో, ఆయన అడుగులు గమనించండి. అతెమి లేని క్లాసును చూసి అక్కడ దాని అవసరమే లేదనుకోకండి. కొందరి అడుగులోనే అది ఉంటుంది.

రింగ్_నుంచి

నేను బాక్సింగ్ నుంచి ఐకిడోకు వచ్చినవాణ్ణే, కాబట్టి మొహమాటం లేకుండా చెబుతాను.

తమ్ముడూ, నువ్వు బిగుసుకుపోవడంలో వింతేమీ లేదు. దీపం వెలగగానే మీట నొక్కమంటేనే మనిషికి సెకనులో ఐదో వంతు పడుతుంది. వచ్చేది ఏ చెయ్యో, ఎటు కదలాలో కూడా తేల్చుకోవాలంటే ఇంకా ఎక్కువ పడుతుంది. దగ్గర్లో నిలబడి వేసే జాబ్ దాదాపు ఆ సమయంలోనే వచ్చి తగిలిపోతుంది. చూసి, గుర్తుపట్టి, తప్పుకోవడం ఎవరి వల్లా కాదు. మేమూ అలా తప్పుకోం. భుజాన్ని చూస్తాం, కాలు చూస్తాం, అన్నిటికంటే ముందు దూరం చూసుకుంటాం.

ఇక నా అసలు ఫిర్యాదు. డోజోలో త్సుకి, అంటే గుద్దు, ఎలా వస్తుంది? ఉకే ఒక పెద్ద అడుగు వేసి, గుద్ది, చెయ్యి అలాగే చాచి ఉంచుతాడు. ఆ చేతిని పట్టుకుని, మణికట్టు తిప్పి పడేసే కోతెగాయెషి చేస్తారు. రింగ్‌లో గుద్దు ఎంత వేగంగా వెళుతుందో అంత వేగంగా వెనక్కి వస్తుంది. వెనక్కి వచ్చేలోపు రెండోది బయల్దేరుతుంది. ఆ మణికట్టును గాలిలో పట్టుకోవచ్చని కొత్తవాళ్ళకు నమ్మకం కలిగించడం అన్యాయం. నాకు ఐకిడో అంటే ప్రేమ ఉంది కాబట్టే ఈ మాట అంటున్నాను.

జో_బొక్కెన్

> ఉకే ఒక పెద్ద అడుగు వేసి, గుద్ది, చెయ్యి అలాగే చాచి ఉంచుతాడు

చెయ్యి చాచి ఉంచడం తప్పే, మీతో ఏకీభవిస్తాను. కానీ ఆ పెద్ద అడుగు తప్పు కాదు. అది ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి.

షోమెన్ ఉచి అంటే తల మీదికి నిలువుగా దిగే దెబ్బ. యోకోమెన్ ఉచి కణత వైపు ఏటవాలుగా వస్తుంది. రెండూ కత్తి వేటు దారిలోనే నడుస్తాయి. చేతి అంచును తెగతానా అంటారు, అంటే చేతి కత్తి. బొక్కెన్‌తో (చెక్క కత్తితో) పదిసార్లు కొట్టి, వెంటనే ఖాళీ చేత్తో కొడితే కదలిక ఒకటేనని ఎవరికైనా తెలిసిపోతుంది. మణికట్టు పట్టుకోవడం కూడా అంతే. వట్టి చేతుల గొడవలో ఎవరూ ఊరికే మణికట్టు పట్టుకుని నిలబడరు. ఎదుటివాడి నడుముకు కత్తి ఉన్నప్పుడు, అది ఒరలోంచి రాకుండా ఆపాలంటే పట్టుకోవాల్సింది ఆ చేతినే.

అందువల్ల మన దూరం కూడా కత్తి దూరమే. ఒక అడుగు వేస్తే తప్ప వేటు అందనంత దూరం. మా-ఐ అంటే ముందుగా నేర్చుకోవాల్సింది ఇది. ఆ దూరంలో ఉన్నవాడు మనల్ని కొట్టాలంటే ముందు ఒళ్ళంతా కదలాలి. చెయ్యి వేగం కంటికి అందకపోయినా ఒళ్ళు కదలడం అందుతుంది. తెల్లబెల్ట్ గారు జాబ్ తిన్నది చెయ్యి చాస్తే చాలు తగిలే దూరంలో నిలబడినందుకే అయ్యుంటుంది. అక్కడ ఏ విద్య వచ్చినా ఆలస్యమే.

చరిత్ర గురించి ఇంకొక మాట. ఐకిడో స్థాపకుడు ఉయెషిబా మొరిహెయ్ 1915లో హొక్కైడోలో తకెదా సొకకును కలిసి దైతో-ర్యూ అనే జుజుత్సు పద్ధతి నేర్చుకున్నారు. అందులో దెబ్బలకు పెద్ద చోటే ఉంది. 1930ల మధ్యలో నోమా డోజోలో తీసిన ఉయెషిబా ఫోటోల్లో అతెమి పదే పదే కనిపిస్తుంది. 1938 నాటి ఆయన శిక్షణ పుస్తకం 'బుడో'లో షోమెన్ ఉచి ఇక్క్యో (ఆ దెబ్బకు చేతిని అదిమి పట్టే టెక్నిక్) ఎలా మొదలవుతుందో చూడండి. ముందు చెయ్యెత్తేది ఉకే కాదు, నాగే (టెక్నిక్ చేసేవాడు). నాగే ముఖం మీదికి చెయ్యి పంపుతాడు, ఉకే కాచుకోవడానికి చెయ్యి లేపుతాడు, ఆ లేచిన చెయ్యే ఇక్క్యోకు దొరుకుతుంది. ఇవామాలో ఆయన దగ్గర చాలా ఏళ్ళు ఉన్న సైతో మొరిహిరో కూడా ఇదే పద్ధతి నేర్పారు. యోషిన్‌కాన్ ఐకిడో శాఖ స్థాపించిన షియోదా గోజో అయితే నిజమైన పోరులో అతెమి డెబ్భై పాళ్ళు, టెక్నిక్ ముప్ఫై పాళ్ళు అనే లెక్కను ఉయెషిబా మాటగానే రాశారు.

కాబట్టి అతెమి తర్వాత ఎవరో తెచ్చి కలిపింది కాదు. కొన్ని చోట్ల కాలక్రమంలో తగ్గిపోయింది.

తెల్లబెల్ట్

అందరికీ చాలా థాంక్స్. ఖాళీ చెయ్యి పరీక్ష ఈ రోజే చేశాను. పదిసార్లలో తొమ్మిదిసార్లు తగిలింది. ముఖం మీదికి చెయ్యి పంపి చేసినప్పుడు మూడుసార్లు. చాలా సిగ్గుగా అనిపించింది, కానీ ఇన్నాళ్ళకు నాకేదో అర్థమైనట్టు కూడా ఉంది.

జో_బొక్కెన్ గారూ, నాగే ముందు చెయ్యెత్తడం అనే మాట దగ్గర ఆగిపోయాను. అలాగైతే మొదలుపెట్టింది మనమే కదా? మరి గొడవ తప్పించుకోవడం ఎక్కడుంది?

నిశ్శబ్దంగా

నేను అతెమి అసలు సాధన చేయని చోట నేర్చుకున్నాను. మా దగ్గర మనసు ఎటు వెళితే ఒళ్ళు అటు వెళుతుందన్నదే మూలం. పై పోస్టుల్లో చెప్పిన చరిత్ర కాదనను. కానీ నాకు ఒక భయం ఉంది.

చెయ్యి ముఖం మీదికి పంపిన ప్రతిసారీ మన లోపల ఏం జరుగుతోంది? "వీణ్ణి కొట్టగలను" అన్న ఆలోచన మొలుస్తుంది. వేలసార్లు చేస్తే అది అలవాటైపోతుంది. రేపు బయట ఎవరైనా మీదికి వస్తే, మాట్లాడాల్సిన చోట ముందు చెయ్యే లేస్తుంది. ఉయెషిబా 1930ల్లో ఎలా చేశారన్నది ఒకటి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, చివరి రోజుల్లో ఐకిడోను ప్రేమ మార్గమని చెప్పారన్నది ఇంకొకటి. ఆ మార్పును మనం లెక్కలోకి తీసుకోవాలి.

1925లో ఆయాబెలో జరిగిన సంఘటన మీ అందరికీ తెలిసే ఉంటుంది. ఒక నౌకాదళ అధికారి బొక్కెన్‌తో ఆయన మీదికి వచ్చాడు. ఉయెషిబా చేతిలో ఏమీ లేదు. వచ్చిన ప్రతి వేటూ తప్పించుకున్నారు తప్ప తిరిగి కొట్టలేదు. కొట్టీ కొట్టీ అలసిపోయి ఆ అధికారే ఆగిపోయాడు. ఆ తర్వాత తోటలో ఉన్నప్పుడు ఆయనకు కలిగిన అనుభవమే తర్వాతి ఐకిడోకు పునాది అని జీవిత చరిత్రలన్నీ చెబుతాయి. అక్కడ అతెమి ఎక్కడుంది?

పాత_హకామా

నిశ్శబ్దంగా గారూ, మీ భయం అర్థం లేనిది కాదు. కొట్టడంలో రుచి మరిగి మెత్తదనం పోగొట్టుకున్నవాళ్ళను నేనూ చూశాను. ఒక రోజు నేనే అలా అయ్యాను. కొత్తగా వచ్చిన ఒక పిల్లవాడి మీద ఇరిమినాగే (లోపలికి అడుగేసి పడేసే టెక్నిక్) సరిగ్గా కుదరక, విసుగులో ముఖం మీదికి చెయ్యి గట్టిగా పంపాను. పెదవి చిట్లింది. టెక్నిక్ కుదరనప్పుడు కొట్టి కప్పిపుచ్చుకోవడం అతెమి కాదు, మొరటుతనం. ఆ పిల్లవాడు తర్వాత రాలేదు. ఇప్పటికీ బాధ పడతాను.

అయినా ఆ 1925 సంఘటనను నేను వేరేలా చదువుతాను. ఆ అధికారి చేతిలో ఉన్నది కర్ర. ఆ కర్ర ఏ దారిలో వస్తుందో, అది దిగడానికి ముందు భుజం ఎలా కదులుతుందో ఉయెషిబాకు ఒంట్లో పట్టి ఉంది. ఎందుకంటే తానే ఆ వేటును కొన్ని వేలసార్లు వేసినవారు. కొట్టడం తెలియనివాడు దెబ్బను చూడలేడు, దెబ్బ తర్వాత వచ్చే నొప్పినే చూస్తాడు. తెల్లబెల్ట్ గారు బిగుసుకుపోవడానికి కారణం అదే అనుకుంటున్నాను. ఆయన జీవితంలో ఎప్పుడూ జాబ్ వేసి ఉండరు.

మొదలుపెట్టింది మనమే కదా అన్న ప్రశ్నకు నా జవాబు ఇది. గొడవ మొదలయ్యేది చెయ్యి లేచినప్పుడు కాదు. ఎదుటివాడి మనసులో "వీణ్ణి కొట్టాలి" అని పడినప్పుడే మొదలైపోయింది. అతను దూరం తగ్గించుకుంటూ వస్తున్నాడు, భుజం బిగించాడు, బరువు ముందు కాలి మీదికి వేశాడు. ఇంకా చెయ్యి లేవలేదు. అప్పుడు మీ చెయ్యి అతని కళ్ళ ముందుకు వెళితే అతను చేయబోయేది మధ్యలోనే ఆగిపోతుంది. అతనికి దెబ్బ తగల్లేదు, మీకూ తగల్లేదు. ఇరిమి అంటే ఇదే కదా, ఎదురు వెళ్ళి దెబ్బ పుట్టే చోటికి చేరుకోవడం.

రాత్రి_డ్యూటీ

నేను ఒక ఆసుపత్రి ఎమర్జెన్సీ వార్డులో నర్సును. ఎనిమిదేళ్ళుగా ఐకిడో చేస్తున్నాను. బయట నేను ఒక్కసారి కూడా ఎవరి మీదా టెక్నిక్ చేయలేదు. కానీ ఐకిడో వాడని నైట్ డ్యూటీ నాకు ఒక్కటి కూడా గుర్తు లేదు.

ఒక రాత్రి ఒక పేషెంట్ కొడుకు మా మీదికి అరుచుకుంటూ వచ్చాడు. తండ్రిని ఇంకా డాక్టర్ చూడలేదని కోపం. మాట మాట పెరిగింది. మా జూనియర్ అతనికి సరిగ్గా ఎదురుగా, చేతులు కట్టుకుని నిలబడి రూల్స్ చెబుతోంది. వెనక గోడ. ఆమెకు వెనక్కి దారి లేదు. అతనికి బయటికి పోయే దారి కూడా ఆమె నిలబడిన వైపే ఉంది. దూరం నుంచి చూసేసరికి నాకు గుండె ఆగినంత పని అయింది.

నేను పక్కనుంచి వెళ్ళాను, ఎదురుగా కాదు. రెండు చేతుల దూరంలో ఆగాను. ఒళ్ళు కొంచెం ఏటవాలుగా, అరచేతులు తెరిచి ఛాతీ ఎత్తులో పెట్టాను. తెలియనివాళ్ళకు అది బతిమాలుతున్నట్టు కనిపిస్తుంది. మనకు తెలుసు, అది హన్మి, ఐకిడోలో నిలబడే తీరు. చెయ్యి లేస్తే నా చేతులు అప్పటికే మధ్యలో ఉన్నాయి. అప్పుడు అతని తండ్రి పేరు పెట్టి గట్టిగా, ఒక్కసారి పిలిచాను. అరుపు కాదు, పిలుపు. అతను ఆగి నా వైపు తిరిగాడు. ఆ ఆగడంలో మా జూనియర్ పక్కకు వచ్చేసింది, తలుపు వైపు దారి తెరుచుకుంది. తర్వాత గొంతు తగ్గించి, చిన్న చిన్న మాటల్లో, "నాన్నగారి దగ్గరికి వెళ్దామా, ఇక్కడ కూర్చుంటారా" అని రెండే అడిగాను. వెళ్దామన్నాడు. మంచం దగ్గర కూర్చుని ఏడ్చాడు.

పాత_హకామా గారూ, మీరు ముఖం మీదికి వెళ్ళే చెయ్యి గురించి చెప్పారు. నాకు ఆ పిలుపే అతెమి. అది అతన్ని ఒక్క క్షణం ఖాళీ చేసింది. ఆ క్షణం దొరక్కపోతే తర్వాత నేను మాట్లాడిన మంచి మాటలేవీ అతని చెవికెక్కేవి కావు.

నిశ్శబ్దంగా గారికి ఒక మాట. నేను మెత్తగా మాట్లాడగలిగింది నాకు భయం లేదు కాబట్టి కాదు. చెయ్యి వస్తే ఏం చేయాలో ఒంటికి తెలుసు కాబట్టి భయం నా గొంతును పట్టుకోలేదు. ఆ ధైర్యం నాకు మ్యాట్ మీద నిజంగా కొట్టే ఉకేల వల్ల వచ్చింది.

నిశ్శబ్దంగా

అక్కా, మీ పోస్ట్ రెండుసార్లు చదివాను. పిలుపు అతెమి అన్న ఆలోచన నాకు ఎప్పుడూ రాలేదు.

ఇది చదివాక టెర్రీ డాబ్సన్ చెప్పిన రైలు కథ గుర్తొచ్చింది. 1960ల్లో ఉయెషిబా దగ్గర ఉండి నేర్చుకున్న అమెరికన్ శిష్యుడు ఆయన. టోక్యో రైల్లో తాగి ఉన్న ఒక పనివాడు ప్రయాణికుల మీదికి వస్తుంటే, కొట్టడానికి అవకాశం దొరికిందని డాబ్సన్ లేచి నిలబడి అతన్ని కవ్వించాడు. అంతలో ఒక ముసలాయన సంతోషంగా "హేయ్" అని కేక వేసి ఆ తాగినవాణ్ణి తన వైపు తిప్పుకున్నాడు, ఏం తాగావని అడిగి మాటల్లో పెట్టాడు. చివరికి భార్య పోయిందని ఆ మనిషి ఏడ్చాడు. ఇన్నేళ్ళూ ఆ కథలో ముసలాయన దయనే చూశాను. దయ కంటే ముందు ఆ కేక ఉంది కదా. అది లేకపోతే అతను అటు తిరిగేవాడే కాదు.

చేత్తో చేసే అతెమి గురించి నా సందేహం ఇంకా పూర్తిగా పోలేదు. కానీ మా గ్రూపులో ఖాళీ చెయ్యి పరీక్ష చేసి చూస్తాను.

రింగ్_నుంచి

నర్సమ్మగారూ, మీరు చెప్పిన దాంట్లో గోడ సంగతి అందరూ గుర్తుపెట్టుకోవాలి. కోపంలో ఉన్నవాడికి పోయే దారి మూసేస్తే వాడికి మిగిలేది మన మీదికి రావడమే. రింగ్‌లో మేము కావాలనే తాళ్ళ మూలకు నెడతాం. బయట దానికి సరిగ్గా తిరగేసి చేయాలి.

ఇప్పుడు ఉకేల సంగతి. అన్ని డోజోల్లో కనిపించే జబ్బు ఇది. ఉకే మంచివాడు, దెబ్బ తగలకూడదని మన తల పక్కనుంచి కొడతాడు. మనం కదలకపోయినా తగలదు. అలాంటి దెబ్బను వెయ్యిసార్లు తప్పించుకున్నా ఒళ్ళు నేర్చుకునేది ఒక్కటే, దెబ్బలు తగలవని. వేగం ఎంతైనా తగ్గించండి, గురి మాత్రం తగ్గించకండి. మెల్లగా రానివ్వండి, కానీ కదలకపోతే ముక్కుకే తగలాలి. వేగాన్ని నెలకు కొంచెం పెంచుకోవచ్చు. గురి తప్పిన దెబ్బతో నేర్చుకున్నదాన్ని మాత్రం మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవాల్సిందే.

జో_బొక్కెన్

పూర్తిగా ఒప్పుకుంటాను. దీనికి రెండో వైపు కూడా చెప్పాలి. ఉకే దెబ్బలో నిజాయితీ ఉంటే నాగే అతెమిలో నిగ్రహం ఉండాలి. ముఖ్యంగా ఉకే తూకం తప్పి పడుతున్నప్పుడు. షిహోనాగేలో తల వెనక భాగం మ్యాట్‌కు తగిలే ప్రమాదం మామూలుగానే ఉంది. ఆ సమయంలో ముఖం మీదికి ఇంకో దెబ్బ పంపితే అతను గడ్డం ఛాతీకి ఆనించుకోవడం మర్చిపోతాడు. అతెమి టెక్నిక్ మొదట్లో ఉండాలి. పడుతున్నవాడి మీదికి ఏదీ పంపకండి. కొత్తవాళ్ళతో చేసేటప్పుడు ముఖానికి బెత్తెడు ఇవతల ఆపండి. ఎక్కడ ఆపుతారో ముందే చెప్పండి.

చూపు గురించి కూడా ఒక మాట. కొట్టే చేతిని చూడకండి. దూరపు కొండను చూస్తున్నట్టు మనిషి మొత్తాన్ని చూడమని జపాన్ కత్తి విద్యలో చెబుతారు, ఎన్‌జాన్ నో మెత్సుకే అని. టెన్షన్‌లో చూపు సన్నబడిపోయి ఒకే చోట అతుక్కుంటుంది. చేతిని చూస్తూ ఉంటే రెండో చెయ్యి, కాలు ఏవీ కనబడవు.

తెల్లబెల్ట్

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. ఆలస్యానికి క్షమించండి, కొంచెం చేశాక రాద్దామని ఆగాను.

ముందుగా ఆ బాక్సింగ్ స్నేహితుణ్ణి నాకు జాబ్ వేయడం నేర్పమని అడిగాను. అతను ఆశ్చర్యపోయాడు, తర్వాత చాలా సంతోషపడ్డాడు. క్లాసు అయిపోయాక రోజూ పదిహేను నిమిషాలు నేర్పాడు. నేను వేసినప్పుడు తెలిసింది, చెయ్యి కదలడానికి ముందే నా ఎడమ భుజం కొంచెం పైకి వస్తోంది. అతనిదీ వస్తోంది. అంతకు ముందు అది నాకు ఎప్పుడూ కనబడలేదు.

తర్వాత అతను మెల్లగా, గురి తప్పకుండా కొట్టాడు. నేను పట్టుకోవడానికి ప్రయత్నించలేదు. చెయ్యి చాస్తే అందని దూరంలో ఉండటం, అతను లోపలికి వస్తే పక్కకు ఇరిమి, ఒక చెయ్యి అతని ముఖం ముందుకు. అంతే. మొదటి వారం ముక్కుకు, చెంపకు చాలాసార్లు తగిలాయి. రెండో వారం నుంచి ఒళ్ళు బిగుసుకోవడం తగ్గింది. దెబ్బ తగలకుండా పోలేదు, తగిలినా నేను ఆగిపోవడం లేదు. నాకు అదే పెద్ద విషయం.

మొన్న ఒకసారి అతని భుజం లేవగానే లోపలికి వెళ్ళాను. అతని గుద్దు నా చెవి పక్కనుంచి పోయింది, నా అరచెయ్యి అతని ముఖానికి బెత్తెడు దూరంలో ఆగింది. అతని తల వెనక్కి వెళ్ళింది, మడమల మీద నిలబడ్డాడు. ఇరిమినాగే చేయడానికి అంతా అక్కడే ఉంది. కానీ చేయాలనిపించలేదు. ఇద్దరం అలాగే ఒక్క క్షణం ఆగి, వెనక్కి జరిగి, వంగి నమస్కరించుకున్నాం. అతెమి నేర్పే సెన్సెయ్ అది చూసి ఏమీ అనలేదు. అతెమి చూపించని సెన్సెయ్ మాత్రం దగ్గరికి వచ్చి "ఆ అడుగు మళ్ళీ చూపించు" అన్నారు. పాత_హకామా గారు చెప్పినట్టు తర్వాత ఆయన అడుగులు గమనించాను. ఉకే ఖాళీ చెయ్యి ఆయనను ఎప్పుడూ అందుకోదు. ఏడాదిన్నరగా ఆయన క్లాసులో ఉండి కూడా నేను అది చూడలేదు.

రాత్రి_డ్యూటీ అక్కా, అరచేతులు తెరిచి నిలబడే పద్ధతి రోజూ అద్దం ముందు సాధన చేస్తున్నాను. మీకు ప్రత్యేకంగా థాంక్స్.

రింగ్_నుంచి అన్నా, ఒకటి అడగాలి. నిన్న ఎడమచేతి వాటం ఉన్న ఇంకొకతను వచ్చాడు. అతని కుడి కాలు ముందు, నా ఎడమ కాలు ముందు. దూరం అంతా తారుమారైపోయింది. అతని ముందు చెయ్యి నా ముందు చేతికి అడ్డం పడుతోంది, వెనక చెయ్యి నేరుగా లోపలికి వచ్చేస్తోంది. ఏం చేయాలి?

రాత్రి_డ్యూటీ

చాలా సంతోషంగా ఉంది తమ్ముడూ. అద్దం ముందు చేసేటప్పుడు గొంతు కూడా కలుపుకో. "కొంచెం ఆగండి" అని పైకి అనాలి. టెన్షన్‌లో ముందుగా పోయేది ఊపిరి, దానితో పాటే గొంతు. ఊపిరి వదులుతూ మాట అనడం అలవాటు చేసుకుంటే ఆ సమయానికి గొంతు పలుకుతుంది.

రింగ్_నుంచి

శభాష్ తమ్ముడూ. ఎడమచేతి వాటం వాడితో ముందు కాలు చూసుకో. నీ ముందు కాలు అతని ముందు కాలికి బయటి వైపు ఉండాలి. లోపలి వైపు ఉంటే అతని వెనక చెయ్యి దారిలో నువ్వే నిలబడినట్టు. బయట ఉంటే ఆ చెయ్యి నిన్ను అందుకోవాలంటే అతను ముందు ఒళ్ళు తిప్పుకోవాలి, నీకు సమయం దొరుకుతుంది. ఇలా ఇద్దరికీ వేర్వేరు కాళ్ళు ముందుండేలా నిలబడటాన్నే మన డోజోలో గ్యాకు హన్మి అంటారు, మణికట్టు పట్టుకుని రోజూ చేసేదే. రేపు ఆ పట్టు వదిలేసి అవే అడుగులు వేసి చూడు, ఎక్కడ తగులుతోందో రాయి.